నిండు బోటుకు ఏ ప్రొపెల్లర్?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

కరువు సీమలో బోటు సంగతి ఎందుకు అంటారేమో. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు బోట్ల విలువ ఊరంతా చూసింది. ఇప్పుడు శ్రీశైలం పాతాళగంగలో, గండికోటలో బోట్లు తిరుగుతున్నాయి. మన తండాల, గూడేల పిల్లలు ఆ పనికి పోవాలని చూస్తాండారు.

మేము హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివేవాళ్లం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. బోటు పని నేర్చుకుంటున్న ఒక అన్న మమ్మల్ని అడిగినాడు: "ఒక్కడినే ఉంటే సర్రున పోతాది. ఎనిమిది మంది ఎక్కితే ముక్కు పైకి లేస్తాది, ఎంత రేస్ ఇచ్చినా దిగదు. ఇంజన్ పాడయిందేమో సూడండ్రా."

ఇంజన్ కంటే ముందు ప్రొపెల్లర్ చూడాలి. దాని మీద 13 × 19 లాగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. ఇంటర్ ల్యాబులో స్క్రూ గేజి పట్టుకున్నాం కదా, అదే పిచ్. ఒక చుట్టుకు లెక్క ప్రకారం ఎంత ముందుకు పోవాలో అది చెప్తాది.

పిచ్ ఎక్కువుంటే టాప్ గేరు లాంటిది. దోర్నాల ఘాట్‌లో నిండు బస్సును డ్రైవరు టాప్ గేరులో ఎక్కించడు కదా. పిచ్ తగ్గిస్తే ఇంజన్ తేలిగ్గా తిరుగుతాది, బోటు తొందరగా నీళ్ల మీదికి లేచి సాపుగా జారుతాది. నాలుగు రెక్కలది అయితే వెనకభాగాన్ని ఇంకొంచెం ఎత్తి, తక్కువ స్పీడులో కూడా అట్లే నిలబెడుతుంది. పోయేది పై స్పీడు కొంచెం.

లెక్క ఇది. అంగుళం పిచ్ తగ్గితే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఇంజన్ పుస్తకంలో 5000–6000 అని ఉండి, నిండు బోటు ఫుల్ రేస్‌లో 4600 దగ్గరే ఆగితే, 19 తీసి 16 వేసి చూడాలి. ఖాళీగా పోయేటప్పుడు మాత్రం 6000 దాటకుండా రేస్ తగ్గించుకోవాలి. ప్రొపెల్లర్ మార్చే ముందు బరువును కొంచెం ముందుకు జరిపి చూడండి, దానికి పైసా ఖర్చు లేదు. అడుగు సాపుగానో, వెడల్పు 'వి' ఆకారంలోనో ఉన్న బోట్లకే ఇదంతా. బరువైన చెక్క పడవ ఏం వేసినా లేవదు.

ముక్కు లేచి ఉంటే డ్రైవరుకు ఎదురుగా ఏముందో కనపడదు. ఏదన్నా తగిలితే మాట పడేది మన పిల్లోడే. అందుకే ఈ లెక్క మనకు తెలిసుండాలి. ఒకటి మర్చిపోవద్దు: రాసిన లెక్క కంటే ఎక్కువ మందిని ఎక్కించుకుంటే ఏ ప్రొపెల్లరూ కాపాడదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించుకోవద్దు.

బోటు నడిపేవాళ్లు ఉంటే మీ ప్రొపెల్లర్ మీది రెండు అంకెలు, నిండుగా ఉన్నప్పటి ఆర్‌పీఎం చెప్పండి. కూర్చుని లెక్క వేద్దాం.