మా బావగారి కొండ

పోయిన కార్తీక మాసంలో మా పదో తరగతి వాళ్లందరం అహోబిలం యాత్రకు పోయినాము. దాని గురించి గోడపత్రికకు రాయమని తెలుగు సారు నాకే చెప్పినారు. "మీ గూడెం అక్కడికి దగ్గరే గదా, నువ్వే రాయి" అన్నారు. దగ్గరే సారూ. అడవిదోవన పోతే ఒక పూట నడక. కానీ పులిహోర పొట్లం పట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోవడం నాకు అదే మొదలు.

చిన్న తరగతుల తమ్ముళ్ల కోసం కొంచెం చెబుతాను. అహోబిలం నంద్యాల జిల్లాలో ఉంది. 2022 కంటే ముందు కర్నూలు జిల్లా, మన క్లాసులోని పాత మ్యాపులో ఇప్పటికీ అట్లే ఉంది. ఆళ్లగడ్డ దాటి పోతే నల్లమల కొండలు ఎదురొస్తాయి. దిగువ అహోబిలం ఒకటి, అక్కడి నుంచి దాదాపు 8 కిలోమీటర్లు లోపలికి లోయలో ఎగువ అహోబిలం ఒకటి. ఈ కొండల్లో నరసింహస్వామికి తొమ్మిది గుళ్లు. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఇది కూడా ఉంది. తిరుమంగై ఆళ్వారు ఈ స్వామిని తమిళంలో పాడినాడు. మన ఎర్రన నృసింహపురాణం రాసింది కూడా ఈ స్వామి గురించే.

దిగువ గుడిలో సోషల్ మేడమ్ విజయనగర రాజుల గురించి చెప్పినారు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించినాడు, దానికి శాసనం ఉంది. "ఇది పరీక్షకు రావచ్చు" అనగానే అందరూ నోటుబుక్కులు తీసినారు. నేను మాత్రం ఒక రాతి స్తంభం దగ్గర ఆగిపోయినా. దాని మీద విల్లు పట్టుకున్న ఆడపిల్ల, పక్కన నరసింహస్వామి. స్వామి ముఖంలో కోపం లేదు. ఆమె చెంచులక్ష్మి. హిరణ్యకశిపుణ్ణి చంపినాక కూడా కోపం చల్లారక అడవిలో తిరుగుతున్న స్వామి ఆమెను చూసి చల్లబడినాడు, పెళ్లి చేసుకున్నాడు. అక్కినేని, అంజలీదేవి ఆడిన 1958 నాటి సినిమా మనం హాస్టల్ టీవీలో చూసినాం గదా, ఆ కథే.

మా వెనక బెంచీ మిత్రుడు (పేరు రాయను, వాడికే తెలుసు) వచ్చి "రేయ్, మీ అక్క రా" అని నవ్వినాడు. ఆరో తరగతి నుంచి నన్ను "చెంచోడా" అని పిలుస్తా ఉంటే నాకు ఒళ్లు మండేది. ఆ రోజు మండలేదు. "ఔను, మా అక్కే. స్వామి మాకు బావ" అన్నాను. వాడు ఇంకేమీ అనలేదు. నిజంగానే మా వాళ్లు స్వామిని బావ అనే అంటారు. మా ఆడపిల్లను చేసుకున్నాడు కదా మరి.

ఎగువ గుడిలో స్వామి గుహలో ఉంటాడు. అక్కడి నుంచి భవనాశి వాగు పట్టుకుని జ్వాలా నరసింహుని దగ్గరికి నడిచినాము. రెండు పక్కలా నిలువు కొండలు, కాళ్ల కింద బండలు, మధ్యలో నీళ్లు. చెప్పులు జారుతున్నాయని నేను తీసి సంచిలో పెట్టుకున్నా. నన్ను చూసి ఇంకో నలుగురు తీసి, పది అడుగులు వేసి, "అమ్మో" అని మళ్లీ తొడుక్కున్నారు. మాకు వట్టి చేతులతోనే ఆయాసం వస్తా ఉంటే, డోలీ వాళ్లు ఒక ముసలమ్మను భుజాల మీద మోసుకుంటూ మమ్మల్ని దాటిపోయినారు. యాత్ర పుస్తకంలో గుడి ఫొటోలే ఉంటాయి, వీళ్ల ఫొటో ఒక్కటీ లేదు. జ్వాలా నరసింహుని గుడి దగ్గర కొండ పైనుంచి నీళ్లు తుంపరగా పడతాయి. అక్కడికి పైన ఉగ్రస్తంభం. కొండ నిలువునా చీలినట్టు ఉంటుంది. స్వామి అందులోంచే వచ్చినాడంటారు. పీఈటీ సారు ఎక్కనివ్వలేదు, కింది నుంచే దండం పెట్టినాము.

ఇక అసలు సంగతి. అక్కడ ఏటా పారువేట ఉత్సవం జరుగుతుంది. కనుమ నాడు స్వామి పల్లకి దిగువ అహోబిలం నుంచి బయలుదేరి, 30కి పైగా ఊళ్లు, 40 రోజులకు పైగా తిరుగుతుంది. తన పెళ్లికి రమ్మని స్వామే ఊరూరా పోయి పిలుస్తాడు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు మళ్లీ గుడి చేరతాడు. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకి వైపు బాణాలు వేస్తారు. "దేవుడి మీదికి బాణాలేంది రా?" అని బస్సులో చాలామంది అడిగినారు. నేను మా తాతను చిన్నప్పుడే అడిగినా. "బావను ఊరికే పోనిస్తామా?" అన్నాడు.

మా ఇంటి తరపున విల్లు పట్టేది మా తాతే. రెండేళ్లుగా ఆయనకు మోకాళ్లు పట్టేసినాయి. మా నాయన బేల్దారి పనికి హైదరాబాదు పోయినాడు, ఉగాదికి గానీ రాడు. మొన్న తాత ఫోనులో "ఈసారి నువ్వు రారా" అన్నాడు. పదో తరగతికి సంక్రాంతి సెలవుల్లో కూడా ప్రత్యేక తరగతులు ఉంటాయని నాకు తెలుసు. వార్డెన్ సారును అడిగితే "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు, చూద్దాంలే" అన్నారు. ఆ మాట కూడా న్యాయమే. కానీ ఆ రోజు బాణం వేయాల్సింది అందరూ కాదు కదా సారూ.

కనుమ ముందు రోజు సాయంత్రం పోయి, కనుమ మరుసటి రోజు ప్రేయరుకు వచ్చేస్తాను. లెక్కల సారు ఇచ్చే పేపరు అక్కడే చేసి తెస్తాను. వెనక బెంచీ మిత్రుడు కూడా వస్తానంటున్నాడు, వాడి సంగతి వాళ్ల నాయన చూసుకుంటాడు. విల్లు మా ఇంటి చూరులోనే ఉంది. నారి మాత్రం కొత్తది కట్టాలంట.

— 10వ తరగతి, బి సెక్షను