గాజుతొట్టిలోని పాచి

పాకాల, రామప్ప, లక్నవరము వంటి కాకతీయులనాఁటి చెరువులుగల యోరుగల్లు సీమలో పాచి యెవ్వరికిని వింతగాదు. చెరువు పచ్చబడినను ఎవరును ఇల్లాలిని నిందింపరు. మా మూడడుగుల గాజుతొట్టి పచ్చబడినచో మాత్రము వచ్చిన చుట్టములందఱు నా ముఖమువంకఁ జూతురు. చేపలు పిల్లలవి, నింద నాది!

పాచి మురికివలనఁ బుట్టునని మా యత్తగారి నమ్మకము. అది సగము నిజము. పాచియు మొక్కవంటిదే, దానికి వెలుతురును, ఎరువును గావలెను. చేపల మలమునుండియు, తినక విడిచిన మేతనుండియు పుట్టిన అమోనియాను సూక్ష్మజీవులు నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. ఈ నైట్రేటు మితముగా నున్నచో చేపలకంత హాని చేయదుగాని, పాచికి పాయసమే. కావున మందుసీసాకంటె ముందు మేతడబ్బాను జూడవలెను. మా యింట నలుగురు నాలుగుమార్లు మేత వేయుచుండిరి. ఇప్పుడా డబ్బా నా బీరువాలో నున్నది.

తొట్టిని ఎండ తగులని గోడకు జరిపితిమి. దీపము దినమునకు 8 గంటలకు మించి వెలుగదు. వారమున కొకమాఱు నాలుగవవంతు నీరు తీసి, ఒకదినము నిలువయుంచిన నల్లానీటిని పోయుదుము. తీసిన నీరు తులసికి మంచి బలము. వడపోత స్పంజిని ఆ తీసిన నీటిలోనే పిండవలెను. నల్లాక్రింద కడిగినచో క్లోరిను మేలుచేయు సూక్ష్మజీవులను జంపును.

మేనెలలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగాఁ గరగును. అట్టివేళ మందుపోసి పాచినంతయు నొక్కమాఱే చంపినచో, అది క్రుళ్లుచు ఉన్న ప్రాణవాయువును హరించును. నీరు తేటపడును, చేపలు తేలిపోవును.

అంగడివారు పాచిని దినునని చూపు సక్కర్ చేప సంగతి వేఱు. బొటనవ్రేలంత పిల్లగా నున్నపుడు గాజుకు నోరంటించుకొని ముచ్చటగా నుండును. అడుగుకు మించి పెరుగునని చెప్పువారరుదు. పొరుగింటి వదినగారి తొట్టిలో నట్లే పెరిగి తక్కిన చేపలకుఁ జోటులేకుండఁ జేసినది. ఆమె దానిని భద్రకాళి చెరువులో విడువ బయలుదేరిరి.

“ఒక ప్రాణము నిలుపుటయేగదా, వదినా! పుణ్యమే” అనిరి.

“దీనివలన పోవు ప్రాణముల మాటయేమి వదినా?” అంటిని.

దక్షిణ అమెరికా నదులనుండి వచ్చిన యీ చేప మన తెలుగునాట జలాశయములలోఁ జేరి, గట్టిముండ్లతో వలలు చింపుచు దయ్యపు చేపయని పేరు పడినది. గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. పూడిక తీయుటకై 2024లో నీరు వెడలించిన చెరువునకు మనమీ కానుక నిత్తుమా యని యడిగితిని. వదినగారు చిన్నబోయిరి. రెండుదినములు పలుకలేదు. మూడవనాఁడు పెద్దతొట్టిగల అంగడివానికి దాని నొప్పగించితినని తామే వచ్చి చెప్పిరి.

మా తొట్టిలో నిపుడు రెండు నత్తలున్నవి. ముందు అద్దము నేను తుడుతును, వెనుకటి అద్దము ముట్టను. అచ్చటి పలుచని పాచిని గప్పీపిల్లలు కొఱుకుచుండును. అత్తగారు దానినింకను మురికియనియే యందురు.