కోసిన మడిని దున్నించొద్దు వదినా

వదినా, ఆ కూర కాస్త సిమ్‌లో పెట్టి గోడ దగ్గరికి రా. వరి కోయగానే మాగాణి దున్నించి మొక్కజొన్న వేస్తానని అన్నయ్య ట్రాక్టరుకి కబురు పెట్టాడట కదా? వద్దని చెప్పు. దున్నకుండానే పెట్టించమను.

ఎందుకలా నవ్వుతావు? మన అత్తగార్ల కాలంలో మినుముకి ఎవరు దుక్కి చేశారు? వరి నిలబడి ఉండగానే, కోతకి రెండు మూడు రోజుల ముందు, ఎకరానికి 16 నుంచి 18 కిలోలు ఆ పదునులోనే చల్లేసేవాళ్లు. కుప్పలేసేసరికి మొలక కనబడేది. మిగిలిన చెమ్మకీ, మంచుకీ పంట చేతికొచ్చేది. మన కృష్ణా డెల్టాకి ఇదేం కొత్త సంగతి కాదు వదినా. కాకపోతే తర్వాత పల్లాకు తెగులూ, అల్లుకునే బంగారు తీగా మినుముని దెబ్బతీశాయి. పైగా ఇప్పుడు కోతంతా మిషన్లే. చల్లిన మొలక చక్రాల కింద నలిగిపోతుంది. అందుకే తెనాలి వైపు చాలామంది వరి దుబ్బుల మధ్యే మొక్కజొన్న పెట్టడానికి అలవాటు పడ్డారు.

దున్నితే ఏమవుతుందంటావా? మనది నల్లరేగడి. తడి మీద నాగలి పెడితే ఇంతింత పెళ్లలు లేస్తాయి. అవి ఆరాలి, రోటవేటర్ తిప్పాలి, తర్వాత మొలకకి మళ్లీ నీళ్లు పెట్టాలి. ఈలోగా నేలలో ఉన్న చెమ్మ గాలికి పోతుంది, రెండు వారాలు కరిగిపోతాయి. డిసెంబరులో పడాల్సిన గింజ సంక్రాంతి దాటాక పడితే, కంకి పాలుపోసుకునే వేళకి ఎండ ముదురుతుంది, కాలవ కట్టేసే రోజులొస్తాయి. అందరూ ట్రాక్టరు కిరాయి మిగులుతుందనే చెబుతారు. నన్నడిగితే ఆ రెండు వారాలూ, ఆ చెమ్మా కిరాయికంటే విలువైనవి.

పెట్టడం కూడా కష్టం కాదు. తాడు లాగి, వరసకీ వరసకీ 60 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 20 ఉండేలా కర్రతో పొడుస్తూ, బెజ్జానికో గింజ వేసుకుంటూ పోతారు. ఎకరానికి 8 కిలోల విత్తనం చాలు. ఈ పనంతా ఆడకూలీల చేతుల మీదే నడుస్తుంది. గింజ లోతు ఒకేలా పడిందా లేదా అన్నది వాళ్ల నేర్పే. బాగా చూసుకున్నవాళ్లకి ఎకరానికి 30 క్వింటాళ్లు దాటి వస్తున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం నాకు బెంగ. నేల దున్నలేదు కాబట్టి కోసిన వరి దుబ్బులు మళ్లీ చిగురిస్తాయి, కలుపూ లేస్తుంది. దానికి పారాక్వాట్, ఎట్రజిన్ కలిపి కొడతారు. ఆ పారాక్వాట్ కడుపులోకి పోతే విరుగుడు లేదు వదినా. అది ఇంట్లోకి రానివ్వకు. మిగిలింది సీసాలో దాచనివ్వకు. కొట్టే మనిషికి చేతి తొడుగులూ ముక్కుకి గుడ్డా ఉండాల్సిందే, గాలికి ఎదురు నడవకూడదు. కోత మిషన్ వాణ్ణి నేలకి దగ్గరగా కొయ్యమంటే చిగురు కొంత తగ్గుతుంది. ముందే అడిగి పెట్టుకోండి.

గడ్డి తగలబెట్టనివ్వకు. గొడ్లకి పోగా మిగిలింది, మొక్క మోకాలెత్తు వచ్చాక సాళ్ల మధ్య పరిపించు. చెమ్మ నిలుస్తుంది, కింద ఎర్రలు చేరతాయి. యూరియా పైన చల్లితే కొంత గాలికే పోతుంది. మొక్క పక్కన పొడిచి వేసి మట్టి కప్పాలి. కూలి ఎక్కువవుతుంది, నిజమే, అయినా అక్కడ పొదుపు చూడొద్దు. మొక్కజొన్నకి తిండి ఎక్కువ. అందుకే ఏటా దాన్నే వేయకుండా, తెగులు తట్టుకునే మినుము రకం దొరికిన ఏడు దానికి మారితే నేలకి మంచిది.

దుక్కి అసలే వద్దనడం లేదు, తొలకరికి నాట్లకని దమ్ము ఎలాగూ చేయిస్తారు. వెద పెట్టేవాళ్లకి అదీ తప్పుతోందిలే. మీరు ఈ రెండో పంట దుక్కి ఒక్కటి మానండి చాలు.

ఎర్రనేలల వాళ్లకి ఇదే చెప్పను. వాళ్ల భూమి పైన పెచ్చు కడుతుంది, గీరకపోతే వాన లోపలికి దిగదు. మన మాగాణి సంగతి వేరు.

అన్నట్టు, డిసెంబరు మొదటి వారానికి కూలీలంతా కుదిరిపోతారు. ఇవాళే మేస్త్రమ్మకి కబురు పంపు. ట్రాక్టరు వాడికి రావద్దని అన్నయ్య చేతే చెప్పించు.