గన్ను బయట, దిమ్మె లోపల

ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్‌కి అసలైన రివిట్ కొట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. బయట ఒకరు గాలి గన్నుతో రివిట్ తల మీద కొట్టాలి. లోపల ఒకరు ఇనప దిమ్మెను రివిట్ తోకకి ఆనించి గట్టిగా అదిమిపట్టాలి. గన్ను దెబ్బకి ఆ తోక నలిగి, వెడల్పుగా అణిగి, రెండు రేకుల్నీ కరుచుకుంటుంది. ఇద్దరికీ మధ్య అల్యూమినియం గోడ. ఒకరి మొహం ఒకరికి కనబడదు. గన్ను మోతలో ఎంత అరిచినా వినబడదు.

అందుకే దిమ్మె పట్టినవాడు రేకు మీద తట్టి చెబుతాడు. ఒక్కసారి తడితే ఇంకాస్త కొట్టమని. రెండుసార్లయితే బాగుంది, తర్వాతదానికి పొమ్మని. మూడైతే రివిట్ పాడైంది, తీసెయ్యమని. ఇది మేం కనిపెట్టింది కాదు, విమానాల కార్ఖానాల్లో జంటలుగా పనిచేసినవాళ్ళ పద్ధతి. నార్మన్ రాక్‌వెల్ 1943లో వేసిన ‘రోజీ ది రివెటర్’ బొమ్మలో ఆవిడ ఒళ్ళో రివిట్ గన్ను పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంటుంది. యుద్ధకాలపు కార్ఖానాల్లో అలాంటి గన్నుకి అవతల దిమ్మె పట్టిన మరో మనిషి ఉండేది. ఆవిడకి ఆ బొమ్మలో చోటు దొరకలేదు. ఈ పనిలోకి దిగాక నేను ఎక్కువగా తలుచుకున్నది ఆ రెండో మనిషినే, ఎందుకంటే మా ఇద్దరిలో దిమ్మె నాది.

గన్ను మా వాడిది. ఇంజనీరింగ్ రోజుల నాటి స్నేహితుడు, బెజవాడవాడు. వాళ్ళ నాన్నగారికి ఆటోనగర్‌లో లారీలకీ బస్సులకీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. వేసవి సెలవులన్నీ వీడు అక్కడే గడిపాడు. ఇప్పుడు ఉత్తర వర్జీనియాలో డేటాబేసులు చూసుకుంటున్నాడు. నేను 1960ల నాటి ఎయిర్‌స్ట్రీమ్ కారవెల్ ఒకటి కొన్నానని తెలిసి చూడ్డానికి వచ్చాడు. పదిహేడు అడుగుల బండి, ఒకే ఇరుసు. మా కాలనీ నిబంధనల ప్రకారం ఇంటి ముందు ట్రెయిలర్ నిలపకూడదు కాబట్టి పర్సెల్‌విల్ వైపు ఒక రైతు కొట్టంలో సగం అద్దెకి తీసుకుని అందులో పెట్టాను. వాడు వస్తూనే రేకుల అతుకు వెంబడి అరచెయ్యి ఆనించుకుంటూ బండి చుట్టూ నడిచాడు. “ఒరేయ్, మా షెడ్డులో బరువు ఛాసిస్ మోసేది, బాడీ దాని మీద కూర్చునేది. దీంట్లో బాడీ కూడా మోస్తోంది చూడు. ఈ వరస వదులైతే బండంతా వదులే” అన్నాడు. అప్పటికి ఆ బండి గురించి వాడు ఒక్క ముక్క కూడా చదవలేదు.

వాడు చేత్తో తడిమి చెప్పింది ఆ బండి పుట్టుకలోనే ఉంది. లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ విమానం తయారీని దగ్గరుండి చూసుకున్న హాలీ బౌలస్, గ్లైడర్లు కట్టడంలో సిద్ధహస్తుడు. ఆయన 1934లో ‘రోడ్ చీఫ్’ అనే ట్రెయిలర్ని అల్యూమినియం రేకులూ రివిట్లతో విమానం పద్ధతిలోనే కట్టాడు. దాని తలుపు ముందువైపు, కారుకి తగిలించే కొక్కెం పైన ఉండేది. ఎయిర్‌స్ట్రీమ్ స్థాపకుడు వాలీ బయమ్ ఆ తలుపుని పక్కకి మార్చి, 1936లో ‘క్లిప్పర్’గా తెచ్చాడు. బయమ్ ఈ బండ్ల గుంపుల్ని వెంటేసుకుని 1959-60లో కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆఫ్రికాని నిలువునా దాటాడు. ఆయన 1962లో పోయాడు. ఆ తర్వాత 1963-64లో ప్రపంచయాత్రకి బయల్దేరిన వరస మన దేశం మీదుగానే సాగింది. అప్పటి మన రోడ్ల మీద ఆ వెండి బండ్లు వరసగా పోతుంటే చూసినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు, నాకు వాళ్ళతో మాట్లాడాలని ఉంది.

మా బండిలో పాడైంది నేల. కింద ఉక్కు ఛాసిస్, పైన అల్యూమినియం డొల్ల, రెండింటి మధ్యా బిగిసిన ప్లైవుడ్డు. అతుకుల్లోంచీ కిటికీల అంచుల్లోంచీ దిగిన వాననీరంతా గోడలోపల జారి ఆ ప్లైవుడ్డు అంచుకే చేరుతుంది. వెనకవైపు స్క్రూడ్రైవర్ గుచ్చితే చెక్క నానిన అటుకుల్లా చేతిలోకి వచ్చింది. లోపలి రేకులు విప్పితే ఫైబర్‌గ్లాసు పొరలో ఎలకల గూళ్ళు. వాటి మూత్రం తగిలిన చోటల్లా అల్యూమినియం తెల్లగా పొడిబారింది. ఉక్కూ అల్యూమినియం తడిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నా అంతే, అల్యూమినియం తినేసినట్టు పాడైపోతుంది. అందుకే కొత్త చెక్క వేసేటప్పుడు ఆ రెండు లోహాలూ తాకకుండా మధ్యలో టేపు పరిచాం. ఇరుసు గురించి చర్చే లేదు. గొట్టంలోపలి రబ్బరు కడ్డీలే దానికి స్ప్రింగులు. ఇన్నేళ్ళకి అవి బిగుసుకుపోయాయి, మార్చేశాం.

చర్చంతా రివిట్ల మీదే. లోపలికి చెయ్యి పోని చోట్ల కోసం ఒలింపిక్ రివిట్లని ఉన్నాయి. బయటినుంచే ఒక్కరే వేసుకోవచ్చు. పైన మిగిలిన మేకు కోసి నున్నగా గీకితే అసలు రివిట్‌కీ దానికీ తేడా కనబడదు. అన్నీ అవే వేసేసుకుంటే నెలల పని వారాల్లో తేలిపోతుందని నేనన్నాను. మా వాడు ఒప్పుకోలేదు. “లోపలి రేకులు ఎలాగూ విప్పాం కదరా, చెయ్యి పడుతుంటే అసలుదే వేద్దాం. దిమ్మె మీద నలిగినదానికి ఉండే పట్టు దానికి ఉండదు” అన్నాడు. వాడన్నదే నిజం. ఇప్పుడు నేను కూడా ఇంకొకరికి అదే చెబుతాను.

దిమ్మె పట్టడం చూడ్డానికి తేలిక. ఉన్న పనల్లా అది రేకుకి సమంగా ఆనాలి, కాస్త వాలిందా, తోక పక్కకి ఒరిగిపోతుంది. రివిట్ కాండం వెడల్పుకి ఒకటిన్నర రెట్లు అయ్యేదాకా తోక అణగాలి. మొదట్లో ప్రతిదానికీ కొలబద్ద పెట్టి చూసేవాణ్ణి. తర్వాత చెవికే తెలిసింది. మొదటి దెబ్బలకి లొటలొటమనే మోత, తోక అణిగేకొద్దీ గట్టిపడి మణికట్టు దాకా ఒకే అదురుగా వస్తుంది. ఆ మార్పు నా చేతికి తెలిసే వేళకే అవతల వాడి గన్ను కూడా ఆగుతోంది. కొన్ని వరసల్లో నేను తట్టాల్సిన అవసరమే రాలేదు. “బెజ్జం వంకరైతే రివిట్టూ వంకరే, ముందు బెజ్జం చూడు” అని వాళ్ళ నాన్నగారు అనేవారట. గన్ను ఆగినప్పుడు ఆ మాట గోడకి అవతలినుంచి రోజూ వినబడేది.

ఒకరోజు పని ఆపి డల్లెస్ విమానాశ్రయం పక్కనున్న ఉద్వర్-హేజీ మ్యూజియానికి వెళ్ళాం. 1969 జులై 24న చంద్రుడి దగ్గరినుంచి వచ్చి సముద్రంలో దిగిన ముగ్గురు వ్యోమగాముల్నీ విడిగా ఉంచిన గది అక్కడుంది. అది ఎయిర్‌స్ట్రీమ్ బండినే మార్చి కట్టినది, చక్రాలు లేవు. వెనక కిటికీ అద్దానికి అవతల నిలబడే నిక్సన్ వాళ్ళతో మాట్లాడాడు. లోపలి గాలి బయటికి పొక్కకుండా గాలి ఒత్తిడి తగ్గించి ఉంచేవారు. అదే హాల్లో డిస్కవరీ షటిల్ ఉంది. మా వాడు దానికేసి చూడనైనా చూడకుండా ఈ గది అతుకుల దగ్గరే వంగి చాలాసేపు నిలబడ్డాడు.

బయటి రేకులకి అద్దంలా మెరుగు పెట్టొద్దనుకున్నాం. పెచ్చులూడిన పాత పూత మాత్రం తీసేశాం. కుడివైపు పెద్ద సొట్ట అలాగే ఉంది. రేకు తెగలేదు, నీరు కారదు. దాన్ని మార్చాలంటే బాగున్న రివిట్లు ఎన్నో తొలిచి తీసెయ్యాలి.

లోపలి రేకులు మూసే ముందు నీళ్ళ పరీక్ష. గొట్టంతో ముందు కింది అతుకుల మీద పట్టి, తర్వాత మెల్లగా పైకి వెళ్ళాలి. ముందే పైన పోస్తే నీరు ఎక్కడినుంచి దిగుతోందో అంతుపట్టదు. వాడు బయట గొట్టంతో, నేను లోపల టార్చితో. ముందు కిటికీ కింది మూల దగ్గర సన్నటి తడి కనబడింది. ఒక్కసారి తట్టాను, గొట్టం అక్కడే ఆగింది. ఫ్రేము విప్పితే వెనకాల ఎండి పగిలిన పాత సీలెంట్ మిగిలిపోయి ఉంది. గీకేసి, కొత్తది పెట్టి, ఆరనిచ్చి, వారం తర్వాత మళ్ళీ నీళ్ళు పట్టాం. ఈసారి రాలేదు. వచ్చే శనివారం వైర్లు లాగడం.