తైపే నగరపు నలకూబరుడు

పట్టణములందలి పడుచువాండ్రు చెడిపోవుచున్నారని సభలలో విలపించు పెద్దలకు మే మొక చలనచిత్రమును జూపగోరుచున్నాము. తైవాను దీవిలో సైనికశాసనము 1987లో తొలగెను. పిమ్మట నయిదేండ్లకు, 1992లో, దాని ముఖ్యపట్టణమగు తైపేలో త్సాయ్ మింగ్‌ల్యాంగ్ దీనిని దీసెను. వెండితెరకై యాయన తీసిన మొదటి పెద్దచిత్ర మిదియే. రెండవదానికి 1994లో వెనిసు ఉత్సవమున స్వర్ణసింహము లభించినను మాకు మొదటిదానియందే మక్కువ.

కథ స్వల్పము. షియావోకాంగ్ అను బాలుడు పరీక్షలకు తరిఫీదిచ్చు బడిలో చదువుచుండును. తండ్రి టాక్సీ నడుపువాడు. బాలు డొకనాడు బడి మాని, కట్టిన రుసుమును దిరిగి పుచ్చుకొని, యింట జెప్పక వీథులబడి తిరుగును. అట్టి బడులు మన తెలుగునాటను గలవు. పాఠము చెప్పుకొని బ్రతుకువారము గనుక మేమెరుగుదుము: ఇట్టివానికి దుష్టుడని పేరుపెట్టుట మిక్కిలి సులభము; నీకేమి కావలెనని యడుగుటకే యెవ్వరికిని తీరిక యుండదు.

వేరొకవంక ఆత్సే, ఆపింగ్ అను నిద్దరు కుర్రవాండ్రు టెలిఫోను పెట్టెలు పగులగొట్టి నాణెములు దొంగిలింతురు. ఆత్సే వాటాలో వంటయింటి తూమునుండి నీరెగదన్ని నేలయంతయు నిండును. వాడు దానిని బాగుచేయింపడు. ఆ నీటిలోనే చెప్పులు తేలుచుండగా తిరుగును. వారితో దిరుగు ఆక్వై అను యువతి స్కేటింగు శాలలో కొలువు చేయునది. ఆమె మనసులోని మాటకు దర్శకుడు తగినంత చోటియ్యలేదని మా యభిప్రాయము.

ఒకనాడు తండ్రి కొడుకును టాక్సీలో నెక్కించుకొని సినిమాకు బోదము రమ్మనును. మాటలే కరవైన యా యింట నది యెంత పెద్ద పలుకో చూచువారికి దెలియును. దారిలో ఆత్సే మోటారుసైకిలుపై వచ్చి, కోపమున టాక్సీ అద్దమును బగులగొట్టి పోవును. నాటినుండి కొడుకు వానిని నీడవలె వెన్నాడి, ఒక రాత్రి వాని బండిని పాడుచేసి, నెజా యిచ్చటికి వచ్చెనని వ్రాసిపోవును. అది పగయేనా? అట్లు విచ్చలవిడిగా దిరుగగలవానిపై నసూయ యని మాకు దోచుచున్నది.

ఈ నెజా యెవరు? కొడుకు నెజాదేవుని యంశయని గుడిలో జెప్పిరని తల్లి నమ్మినది. సంస్కృతము చదివిన మా చెవు లిచ్చట నిక్కినవి. కుబేరపుత్రుడగు నలకూబరుని పేరే బౌద్ధగ్రంథముల వెంట చీనాకుబోయి యట్లు మారినదని పండితులందురు. మన భాగవతమున నాతడు మదించి, నారదుని శాపమున మద్దిచెట్టై, బాలకృష్ణుడు రో లీడ్చినప్పుడు విముక్తుడగును. చీనాకథలో నట్లుగాదు. తండ్రితో విరోధించి, తన మాంసమును తల్లికిని, ఎముకలను తండ్రికిని దిరిగి యిచ్చివేసి, మరల బుట్టి తండ్రిపై నాయుధ మెత్తును. పితృఋణమును గూర్చి మాకు బోధించిన గురువు లెవ్వరు నీ విధమైన చెల్లింపును దలపెట్టలేదు! చిత్రములోని బాలు డా మాట విని పూనకము వచ్చినట్లు నటించును. తండ్రి గిన్నె విసరును.

రుసుము సంగతి బయటపడిన పిమ్మట తండ్రి యింటి తలుపు గడియపెట్టును. కడపట నాతడే దానిని వారగా దెరచి యుంచును. ఆ వేళ కొడుకు టెలిఫోనుద్వారా పరిచయములు గూర్చు దుకాణమున నొంటరిగా గూర్చుండును. ఎదుట టెలిఫోను మ్రోగుచుండును. వాడు దాని నెత్తడు.