జీతం లేని పదవి

రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయినవాణ్ణి. పదవి పేరు వినగానే జీతం ఏ పద్దు కింద వస్తుందా అని చూడటం నాకు అలవాటు. ఉప రాష్ట్రపతి పదవికి జీతమే లేదు! 64వ అధికరణం ప్రకారం రాజ్యసభ అధ్యక్షుడూ ఆయనే కాబట్టి, 2018 ఆర్థిక చట్టం పెంచిన నెలకు 4 లక్షలు ఆ కుర్చీకి వస్తాయి. ఉప రాష్ట్రపతిగా మాత్రం ఆయనది ఉచిత సేవే. మా పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి చాన్సలరూ ఆయనే.

2025 జులై 21న ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేశారు. సెప్టెంబరు 9న ఎన్నిక. పోలైనవి 767. రాధాకృష్ణన్‌కు 452, తెలుగువాడైన సుదర్శన్ రెడ్డికి 300. మిగిలిన 15 చెల్లలేదు. ఓటర్లంతా పార్లమెంటు సభ్యులే. చీటీ మీద ఉన్నవి రెండే పేర్లు, వేయాల్సింది ఒక అంకె!

పల్లెటూరివాడి ఓటు చెల్లకపోతే నిరక్షరాస్యత అంటాం. దీన్నేమందాం? అందులోని మర్మం నేను ఊహించను, లెక్క మాత్రమే చెబుతున్నాను.

పదవిని గౌరవించాలంటారు. గౌరవిద్దాం. కానీ ప్రశ్న అడక్కుండా ఇచ్చేది గౌరవం కాదు, భక్తి. మిత్రులారా, దేవుడి హుండీకే ఆడిట్ ఉన్న దేశం మనది!