లడ్డూ గోదావరి దాటింది

సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటి, రావులపాలెం దగ్గర హైవే దిగితే కోనసీమ. అరటి గెలల లారీలు, కాలవ గట్లు, కొబ్బరి చెట్లు... ఇవన్నీ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. రీల్స్‌లో కనపడనిది ఒకటుంది. ఇక్కడ పెరడు మనది కాదు, కోళ్లది.

అమ్మమ్మకి కంటి ఆపరేషన్ అయ్యింది. నెల రోజులు చుక్కల మందు వెయ్యడానికి మనిషి కావాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి నేనొచ్చాను, నాతో లడ్డూ వచ్చింది. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ కింద దొరికిన వీధికుక్క, రెండేళ్లది. కోడిని బిర్యానీ వాసనగా తప్ప ఎరగదు. అమ్మమ్మకేమో 11 కోళ్లు, గుడ్ల డబ్బులు ఆవిడ సొంతం. "ఒక్క కోడి పోయినా నువ్వూ నీ కుక్కా కారెక్కండి నాన్నా" అంది, నవ్వకుండానే. మేం వెళ్లిపోతే చుక్కలు వేసేదెవరో మాత్రం చెప్పలేదు.

పైగా పక్కింట్లో పందెం కోళ్లు. కాకి, డేగ, నెమలి అని రంగును బట్టి పేర్లు. కాలికి తాడు కట్టి దూరం దూరంగా ఉంచుతారు, బాదంపప్పు పెడతారు. పందేలు చట్టం ఒప్పుకోదు, అది వేరే సంగతి. వేలల్లో పలికే పుంజు మీద మా కుక్క పడితే ఊళ్లో తలెత్తుకోలేం. అందుకే ఆ దడి వైపు లడ్డూకి నో ఎంట్రీ.

ఆ పక్కింటాయనే ఓ సలహా చెప్పారు. "చచ్చిన కోడిని మెడకి కట్టి వదిలెయ్యండి బాబూ, వారంలో దార్లోకొస్తది, ఆయ్!" పల్లెల్లో పాత వైద్యమే. నాకు మాత్రం లాజిక్ దొరకలేదు. నిన్న తరిమినదానికీ ఇవాళ మెడలో కుళ్లేదానికీ లింకుందని కుక్కకెలా తెలుస్తుంది? అసలు కుళ్లు వాసనంటే వాటికి ఇష్టం కూడానూ.

నేను చేసింది బోర్ కొట్టే పని. పొద్దున్నే కాలవ గట్టు మీద గంట నడిపించడం. తర్వాత ఛాతీ బెల్టుకి చేద తాడు కట్టి, కోళ్లకి ముప్పై అడుగుల దూరంలో కూర్చోబెట్టడం. అది కోడిని చూస్తుంది, చూడనివ్వాలి. చెవులు ముందుకొచ్చి, నోరు మూతపడి, ఒళ్లు బిగుసుకుంటుంది చూశారా, ఆ ఒక్క క్షణమే మనది. అప్పుడు పేరు పెట్టి పిలవాలి. తల ఇటు తిప్పితే ఉడికించిన చిలగడదుంప ముక్క. పరుగందుకున్నాక ఎంత అరిచినా దండగ, కోడి పారిపోవడమే దానికి ఆట. పిలిచినా తిరగలేదంటే మరీ దగ్గరికొచ్చామని అర్థం, పదడుగులు వెనక్కి. పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు, మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య.

సగం పాఠం పిల్లలకోడే చెప్పింది. పదో రోజు ఈకలన్నీ విప్పార్చుకుని మీదికి ఉరికితే, లడ్డూ వచ్చి నా కుర్చీ వెనక దాక్కుంది. అమ్మమ్మ నల్లకళ్లద్దాలు పట్టుకుని మరీ నవ్వింది.

మూడో వారంలో ఓ పెట్ట దర్జాగా వచ్చి లడ్డూ గిన్నెలో పెరుగన్నం పొడవడం మొదలెట్టింది. తాడు వదులుగానే ఉంది. లడ్డూ పెట్టని చూసింది, నన్ను చూసింది, చొల్లు కారుస్తూ పడుకుంది. "పాపం, దానికింకో ముద్ద పెట్టరా" అంది అమ్మమ్మ.

అయినా పగలు తాడు తియ్యలేదు, ఎవరూ లేనప్పుడు కోళ్ల మధ్య వదల్లేదు. వేట బుద్ధి మూడు వారాల్లో పోయేది కాదు. సాయంత్రం కోళ్లన్నిటినీ గంపల కింద మూసి, అమ్మమ్మ లెక్కపెట్టి "పదకొండు" అన్నాకే తాడు విప్పేవాణ్ని. అప్పుడది పెరడంతా ఓ రౌండేసి, ఒక్కో గంపనీ వాసన చూసి, వచ్చి ఆవిడ మంచం కింద పడుకునేది.